సగం సగం సమానమేనా?

మా కాలనీలో ఒక బ్యాంకు ఉద్యోగుల జంట ఉంది. పిల్లాడు మూడో తరగతి. వాళ్లింట్లో టీవీ పక్కన ఎప్పుడూ ఒక పొడుగాటి నోటుబుక్కు ఉంటుంది. ఎడమ పేజీ ఆయనది, కుడి పేజీ ఆవిడది. స్కూలు ఫీజు, వ్యాను, యూనిఫాం, బూట్లు, పుట్టినరోజు కేకు, జ్వరం సిరప్పు... ఎవరు కట్టింది వాళ్ల పేజీలో రాస్తారు. నెలాఖరు ఆదివారం ఇద్దరూ కూర్చుని రెండు పేజీలూ కూడతారు. ఎవరు తక్కువ పెట్టారో వాళ్లు రెండోవాళ్లకు అక్కడికక్కడే ఫోన్‌పే కొడతారు. "మా ఇంట్లో అన్నీ సగం సగమేనండీ" అంటూ ఆయన ఆ పుస్తకం నా చేతికిచ్చారు. ఆ మాటలో కాస్త గర్వం వినబడింది. తప్పేం లేదు. మా నాన్న తరంలో పిల్లల బూట్ల సైజు తెలిసిన మగవాళ్లే తక్కువ. ధర తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

పుస్తకం తిరగేస్తూ నేనో లెక్క వేశాను. ఈ ఏడాది పిల్లాడి ఫీజు లక్షా 20 వేలు. తలా 60 వేలు. ఆయనకు చేతికొచ్చే జీతం 90 వేలు, ఆవిడకు 45 వేలు. అంటే ఆ ఫీజు కోసం ఆయన 20 రోజులు కష్టపడితే ఆవిడ 40 రోజులు కష్టపడాలి. రెండు పేజీల్లోనూ ఒకే అంకె ఉంది. దాని వెనకున్న రోజులు మాత్రం ఒకటి కావు.

పిల్లల ఖర్చు పంచుకోవడంలో న్యాయమేమిటన్న ప్రశ్న మన దగ్గర ఇంటి గుమ్మం దాటి బయటికొచ్చేది ఎక్కువగా కాపురాలు విరిగినప్పుడే. అందుకే దానికి కాస్తో కూస్తో జవాబు వెతికింది కూడా కోర్టులే. పిల్లల పోషణ తండ్రి బాధ్యత అని లోకం అనుకుంటుంది. కానీ 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ తల్లినీ తండ్రినీ ఇద్దరినీ బాధ్యుల్ని చేసింది. ఎవరి వాటా ఎంతో మాత్రం చెప్పలేదు. 2000 సంవత్సరంలో, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తున్న ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాళ్లకు ఇద్దరు పిల్లలు. ఒక్కొక్కరికి నెలకు 3 వేలు కావాలని తేల్చిన కోర్టు, అందులో తండ్రి రెండు పాళ్లు, తల్లి ఒక పాలు పెట్టుకోవాలని చెప్పింది. జీతాలను చూసి వేసిన నిష్పత్తి అది. కాకతాళీయమే గానీ మా కాలనీ దంపతుల జీతాలు కూడా సరిగ్గా రెండుకు ఒకటి. ఆ లెక్కన ఫీజులో ఆయన వాటా 80 వేలు, ఆవిడ వాటా 40 వేలు. అప్పుడు ఇద్దరికీ దాదాపు 27 రోజుల కష్టం పడుతుంది.

ఇరవై ఏళ్ల తర్వాత, 2020 నవంబర్ 4న, రజనీష్–నేహ కేసులో జస్టిస్ ఇందూ మల్హోత్రా, మన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి కలిసి ఇచ్చిన తీర్పు ఈ దారిని ఇంకాస్త చదును చేసింది. భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో పెట్టాలన్నారు. పిల్లల చదువు ఖర్చు సాధారణంగా తండ్రి భరించాలి, తల్లి తగినంత సంపాదిస్తుంటే ఇద్దరూ ఆదాయాన్ని బట్టి పంచుకోవచ్చు అన్నారు. భరణం దరఖాస్తు పెట్టిన రోజు నుంచే ఇవ్వాలనీ అన్నారు. అంతకుముందు ఏ కోర్టు ఏ తేదీ నుంచి ఇప్పిస్తుందో ఆ కోర్టుకే తెలియాలి. మూడేళ్లు వాయిదాలు నడిపిస్తే మూడేళ్ల ఖర్చు మిగిలిపోతుందని ఆశపడే తండ్రులకు ఆ మేరకు దారి మూసుకుంది.

చట్టం ఇక్కడికి ఎంత మెల్లగా నడిచొచ్చిందో తెలియాలంటే ఒక్క అంకె చాలు. నేర ప్రక్రియా స్మృతి (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్ కింద ఇచ్చే భరణానికి కేంద్ర చట్టంలో 2001 దాకా ఉన్న గరిష్ఠ పరిమితి నెలకు 500 రూపాయలు. 2001లో దాన్ని తీసేశారు. 2024 జులై 1 నుంచి అదే సెక్షన్ భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144గా మారింది. నంబరు మారింది గానీ అందులోని ఒక చిక్కు అలాగే ఉంది. ఆరోగ్యంగా ఉన్న కొడుక్కి ఈ సెక్షన్ కింద హక్కు మైనారిటీ తీరేదాకానే. మన రాష్ట్రాల్లో 18 ఏళ్లు నిండడమంటే ఏమిటో తెలుగు తల్లిదండ్రులకు చెప్పక్కర్లేదు. ఇంటర్ అయిపోయి, కౌన్సెలింగ్‌లో సీటొచ్చి, బీటెక్ మొదటి ఏడాది ఫీజు కట్టమని కాలేజీ మెసేజ్ పెట్టే రోజు అది. అసలు ఖర్చు మొదలైన రోజునే చట్టం చేతులు దులుపుకొంటుంది. కొందరు న్యాయమూర్తులు పెద్ద మనసుతో చదువు పూర్తయ్యేదాకా ఇప్పించారు, నిజమే. కానీ ఒక తల్లి తన కొడుకు చదువు కోసం ఏ జడ్జి ముందుకు కేసు వస్తుందా అని ఎదురుచూడాల్సి రావడం న్యాయం అనిపించుకోదు.

ఉత్తర్వు రావడం ఒక ఎత్తు, డబ్బు చేతికి రావడం మరో ఎత్తు. ఈ విషయంలో జర్మనీ పద్ధతి గమనించదగ్గది. విడిపోయిన తండ్రి గానీ తల్లి గానీ పిల్లల భరణం ఎగ్గొడితే, ప్రభుత్వమే ఆ పిల్లలకు నెలనెలా ముందుగా చెల్లించి తర్వాత బాకీదారు దగ్గర వసూలు చేసుకుంటుంది. ఎగ్గొట్టినవాడి వెంటపడే పని అక్కడ ప్రభుత్వానిది. మన దగ్గర ఆ పని చంకలో పిల్లాణ్ణి వేసుకుని వాయిదాలకు తిరిగే తల్లిది. బస్సు చార్జీలు, వకీలు ఫీజు, పోయిన కూలీ ఆవిడ సొంత ఖర్చు. భరణంలో అవేవీ లెక్కకు రావు.

మళ్లీ మా కాలనీ పుస్తకం దగ్గరికి వద్దాం. రెండుకు ఒకటి చొప్పున పంచుకుంటే న్యాయం జరిగిపోయినట్టేనా? నేను కూడా కాసేపు అలాగే అనుకున్నాను. ఆయన్ని అడిగాను కూడా, ఇకనుంచి అలా రాసుకోవచ్చు కదా అని. ఆయన ఒప్పుకున్నారు. లోపల్నుంచి కాఫీ తెచ్చిన ఆవిడ మాత్రం కప్పు నా ముందు పెట్టి, "ఆ పుస్తకంలో సెలవులకు పేజీ లేదండీ" అని వెళ్లిపోయారు.

వాళ్లిద్దరూ ఒకే ఏడాది, ఒకే హోదాలో, క్లర్కులుగా చేరారు. ప్రమోషన్ పరీక్ష ఆయన రాశారు, ఆవిడ రాయలేదు. బ్యాంకుల్లో ప్రమోషనంటే బదిలీ. రెండు జిల్లాల అవతల ఏదో బ్రాంచిలో రెండు మూడేళ్లు. అప్పటికి బాబుకు ఏడాదిన్నర. ఎవరో ఒకరు ఇక్కడ ఉండాలి. ఆ 'ఎవరో ఒకరు' ఎవరన్నది ఆ ఇంట్లో చర్చకు కూడా రాలేదట. మరి ఇప్పుడు ఆయన జీతం ఆవిడ జీతానికి రెట్టింపు అయిందంటే, ఆ రెండో సగం ఎవరి చలవ? నిష్పత్తి సూత్రం ఈ నెల జీతపు చీటీ చూస్తుంది. ఆ చీటీ ఎలా తయారైందో అడగదు. వ్యాను రాలేదని మూడున్నరకు ఫోనొచ్చేది ఆవిడకే. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఆయన పేరూ ఉంది గానీ అది మ్యూట్‌లో ఉంది. రేపు చార్టు, స్కెచ్ పెన్నులు, ఆకుపచ్చ టీ షర్టు అని రాత్రి తొమ్మిదింటికి వచ్చే మెసేజ్ చూసి దుకాణానికి పరిగెత్తేది ఆవిడే. టీ షర్టు ధర మాత్రం పుస్తకంలో సగం సగం పడుతుంది. ఏటా ఆవిడ క్యాజువల్ లీవులు జులైకే అయిపోతాయి.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. డెన్మార్క్‌లో పన్నులూ జీతాల రికార్డులూ తిరగేసిన హెన్రిక్ క్లెవెన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 2019లో ప్రచురించిన అధ్యయనంలో తేలిందేమిటంటే, తొలి బిడ్డ పుట్టేదాకా ఆడవాళ్ల సంపాదన, మగవాళ్ల సంపాదన దాదాపు ఒకే తీరున సాగుతాయి. బిడ్డ పుట్టాక తల్లుల సంపాదన పడిపోయి, ఏళ్లు గడిచినా సుమారు 20 శాతం వెనకబడే ఉంటుంది. తండ్రుల గీత కదలదు. అంగన్‌వాడీ లాంటి కేంద్రాలు వీధివీధినా ఉన్న డెన్మార్క్‌లోనే ఇదీ సంగతి. పిల్లల పెంపకంలో అన్నిటికంటే పెద్ద ఖర్చు ఈ 20 శాతమే. దానికి రసీదు ఉండదు కాబట్టి ఏ పుస్తకంలోనూ ఎక్కదు.

మన దేశంలో ఈ శ్రమకు వెల కట్టిన సందర్భాలున్నాయి. కానీ అవి ఎప్పుడొస్తాయో చూడండి. 1989లో జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదంలో చనిపోయిన గృహిణుల కుటుంబాలకు పరిహారం లెక్క కట్టాల్సొచ్చినప్పుడు, 2001లో సుప్రీంకోర్టు వాళ్ల సేవల విలువ నెలకు 3 వేలుగా తీసుకుంది. మోటారు వాహనాల చట్టం పాత రెండో షెడ్యూలైతే, సంపాదన లేని భార్య విలువ సంపాదించే భర్త ఆదాయంలో మూడో వంతు అంది. అంటే ఒకే పని చేసే ఇద్దరు తల్లుల్లో కలెక్టరు భార్య పనికి ఒక రేటు, కండక్టరు భార్య పనికి ఇంకో రేటు. ఢిల్లీ రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల కేసులో 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి. రమణ ప్రత్యేకంగా రాసిన తీర్పు చదవాల్సినది. అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్లిన ఆయన, 2019 నాటి జాతీయ కాల వినియోగ సర్వే అంకెల్ని ఆ తీర్పులోకి తెచ్చారు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారు. ఇల్లాలి పనికి ఆర్థిక విలువ లేదనే అలవాటు ఆలోచనను వదిలించుకోవాలని ఆయన వాదన. చక్కటి తీర్పే. కాకపోతే ఆ వెల కట్టించుకోవడానికి ఆ తల్లి ముందు లారీ కింద పడాలి.

బతికుండగా వెల కట్టిన తీర్పు ఒకటి చెన్నై నుంచి వచ్చింది. భర్త పదేళ్లకు పైగా సౌదీలో ఉద్యోగం చేశాడు. భార్య నెయ్‌వేలిలో పిల్లల్ని పెంచుతూ, ఆయన పంపిన డబ్బుతో ఆస్తులు కొంది. తిరిగొచ్చాక అవన్నీ నావేనన్నాడాయన. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు, ఇల్లూ పిల్లల్నీ ఆవిడ చూసుకోబట్టే ఆయన అక్కడ సంపాదించగలిగాడని చెప్పి, కుటుంబం కోసం కొన్న ఆస్తిలో ఆవిడకు సమాన వాటా ఉందని తేల్చింది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల జిల్లాల్లో ఊరికి పది గడపల్లో ఇదే కథ. తీర్పే ఇంకా ఆ గడపల దాకా రాలేదు.

ఇక్కడొక మాట పక్కనుంచి. గల్ఫ్ అనగానే మనకు మగవాళ్లే గుర్తొస్తారు. కోనసీమ నుంచి, కడప, రాయచోటి వైపుల నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేస్తున్న తల్లుల సంగతి వేరు. వాళ్లు అక్కడ పరాయి పిల్లలకు స్నానాలు చేయించి, అన్నాలు తినిపించి సంపాదించిన దీనార్లు ఇక్కడి పిల్లల ఫీజులవుతాయి. ఇక్కడి పిల్లలకు అన్నం తినిపించేది అమ్మమ్మ. అమ్మ కువైట్‌లో చేస్తే ఉద్యోగం. అదే పని అమ్మమ్మ ఊళ్లో చేస్తే ఊరికే ఇంట్లో ఉన్నట్టు.

నిజానికి తెలుగు కుటుంబాల్లో పిల్లల ఖర్చు పంపకానికి రాజ్యాంగం కంటే పాత రాజ్యాంగం ఒకటుంది. తొలి కాన్పు పుట్టింట్లో. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి పిల్లను తీసుకొస్తారు. ఆసుపత్రి బిల్లు, బాలింత పథ్యం, పథ్యపు కారం, నూనె మర్దనకు వచ్చే మనిషికి డబ్బు, బారసాలకు బట్టలు, ఉయ్యాల, మొలతాడు, మూడో నెలలో సాగనంపేటప్పుడు సారె... అన్నీ పిల్ల తండ్రి ఖాతాలోవే. పుట్టే బిడ్డ ఇంటిపేరు మాత్రం అల్లుడిది. సిజేరియన్ అయితే ఎంత, పిల్లాడు ఇంక్యుబేటర్‌లో ఉంటే ఎంత అన్నది లెక్కలోకి రాని రోజుల్లో పుట్టిన ఆచారం ఇది. ఆడపిల్ల అలసట తీరేది తల్లి దగ్గరే అన్న మంచి తలంపు దీని వెనక లేకపోలేదు. కానీ కార్పొరేట్ ఆసుపత్రి ఫైనల్ బిల్లు చేతికొచ్చినప్పుడు, అల్లుడి తరఫువాళ్లు స్వీట్లు పంచుతుంటే మామగారు ఏటీఎం వైపు నడవడం మనలో చాలామంది కళ్లారా చూసినదే. పెళ్లికి చేసిన అప్పు తీరకముందే పురుటి అప్పు. పెంపకం ఖర్చులో తొలి వాయిదా కట్టేది బిడ్డ తండ్రి కాదు, తల్లి తండ్రి. దీన్ని ప్రశ్నించిన అల్లుళ్లు నా ఎరికలో ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరికీ కూతుళ్లే కావడం యాదృచ్ఛికమో ఏమో.

ఆ ఆచారమే ఇప్పుడు విమానమెక్కింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూతురికో కోడలికో నెలలు నిండగానే ఆర్నెల్లు అమ్మమ్మ, ఆ తర్వాత ఆర్నెల్లు నాన్నమ్మ. సందర్శకుల వీసా గడువును బట్టి వంతులు. అక్కడ డేకేర్‌కు నెలకయ్యే డబ్బు వింటే మనకు గుండె గుభేలుమంటుంది. ఆ డబ్బును మిగులుస్తున్నది మోకాళ్ల నొప్పుల మాత్రలు డబ్బాలో సర్దుకుని, ఊరగాయ జాడీలు పెట్టెలో పెట్టుకుని వెళ్లే ఆవిడ. ఆ ఇంటి బడ్జెట్లో ఆవిడ టికెట్టు ఖర్చుగా రాస్తారు, ఆవిడ పనిని జమగా రాయరు.

ఇంటి లోపలి పంపకం సంగతి ఇదైతే, ఇంటికీ బయటికీ మధ్య పంపకం ఇంకో పేచీ. పిల్లలు అమ్మానాన్నల సొంత సరదా అయితే ఖర్చూ వాళ్లదే అని ఊరుకోవచ్చు. కానీ ఆ పిల్లలే రేపు పన్నులు కడతారు, పిల్లల్లేనివాళ్ల పింఛన్లకూ ఆసుపత్రులకూ వాళ్ల సంపాదనే ఆధారం. అమెరికన్ ఆర్థికవేత్త నాన్సీ ఫోల్బ్రే 1994లోనే పిల్లల ఖర్చు ఎవరు భరిస్తున్నారని పుస్తకం రాసి, పెంచినవాళ్లు ఖర్చు పెడుతుంటే ఫలితం అందరూ అనుభవిస్తున్నారని వాదించారు. ఆ మాట ఇవాళ మన రాజకీయ నాయకులు తమ భాషలో చెబుతున్నారు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటున పుడుతున్న పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. 2024 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లల్ని కనమని పిలుపునిచ్చారు. మరుసటి నెలలోనే, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న పాత నిబంధనను శాసనసభ రద్దు చేసింది. సరే. కనమన్నారు. మరి పెంచడంలో వాటా?

ప్రభుత్వం వాటా ఏమీ లేదనలేం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో అమ్మఒడి మొదలైంది. ఇంట్లో ఎంతమంది ఉన్నా ఒక్క బిడ్డ చదువుకే ఏడాదికి 15 వేలు. 2025 జూన్‌లో తల్లికి వందనంగా మారి, ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే ప్రతి బిడ్డకూ అన్నారు. పాఠశాల నిర్వహణకని 2 వేలు పట్టుకుని తల్లి ఖాతాలో 13 వేలు వేశారు. 67 లక్షల మందికి పైగా విద్యార్థుల పేరున డబ్బు పడింది. పేద ఇళ్లలో ఇది చిన్న ఊరట కాదు. డబ్బు తల్లి చేతికే వెళ్లాలన్న ఆలోచనా మంచిదే, అది బెల్టుషాపు వైపు దారి తప్పదు. కానీ పేరులోనే ఒక తీర్పు దాగుంది. బిడ్డ చదువు తల్లి బాధ్యత, అందుకు ఆమెకు దండం. తండ్రికి వందనమూ లేదు, తండ్రిని అడిగే ప్రశ్నా లేదు.

అంతకంటే పెద్ద లోపం వయసు దగ్గర ఉంది. ప్రభుత్వం డబ్బు పట్టుకుని వచ్చేసరికి బిడ్డ ఒకటో తరగతిలో ఉంటాడు. తల్లి ఉద్యోగం మానేసేది, కూలి పోగొట్టుకునేది, ప్రమోషన్ వదులుకునేది అంతకు ముందు ఐదేళ్లలో. ఆ ఐదేళ్లలో ఏముంది? 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణులకు కనీసం 6 వేలు ఇవ్వాలని రాసింది. దాన్ని అమలు చేయాల్సిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన తొలి కాన్పుకు 5 వేలిస్తోంది. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితేనే 6 వేలు. మూడో బిడ్డను కనమని రాష్ట్రం పిలుస్తుంటే, రెండో మగబిడ్డనే కేంద్రం లెక్కలోకి తీసుకోవడం లేదు. 1975లో మొదలైన అంగన్‌వాడీ మూడేళ్లు నిండిన పిల్లల్నే కూర్చోబెట్టుకుంటుంది. అంతకంటే చిన్న బిడ్డకు ఇంటికి తీసుకెళ్లే సరుకులిచ్చి పంపుతుంది. మిరప కోతలకు వెళ్లే తల్లికి కావాల్సింది బాలామృతం పొట్లం ఒక్కటే కాదు, పొద్దుగూకేదాకా బిడ్డను చూసే మనిషి. 2005 ఉపాధి హామీ చట్టంలో, పనిచోట అయిదుగురు చిన్నపిల్లలుంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. చట్టం రాసినవాళ్లలో ఎవరో పొలం పని చూసినవాళ్లున్నారనిపించే వాక్యం అది. ఎండలో చీర ఉయ్యాల కట్టి, దాని కింద ఆరేళ్ల అక్కను కాపలా పెట్టడమే నేను ఎక్కువ చూశాను.

ఇక యజమానుల సంగతి. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలయింది, 50 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలో క్రెష్ ఉండాలన్నారు. ఉద్దేశం గొప్పది. డబ్బు ఎక్కణ్నుంచి అన్నదగ్గర తప్పటడుగు పడింది. ఈఎస్ఐ పరిధిలో లేని ఉద్యోగినికి ఆ 26 వారాల జీతం మొత్తం ఆమె యజమాని ఒక్కడే భరించాలి. ఫలితం ఇంటర్వ్యూ గదిలో కనిపిస్తుంది. "పెళ్లయిందా? పిల్లలెప్పుడు ప్లాన్ చేసుకుంటున్నారు?" అబ్బాయిని ఎవరూ అడగని ఈ రెండు ప్రశ్నల వెనకున్నది ఆ 26 వారాల బిల్లే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒడంబడిక, ఈ ఖర్చును ఒక్కో యజమాని మెడకు చుట్టకూడదని స్పష్టంగా చెప్పింది. మనం దాన్ని ఆమోదించలేదు. విచిత్రం ఏమిటంటే సరైన నమూనా మన చేతిలోనే ఉంది. నెలకు 21 వేల లోపు జీతమున్న ఈఎస్ఐ ఉద్యోగులకు ప్రసూతి భత్యం బీమా నిధి నుంచి వస్తుంది. అందులో ప్రతి యజమానీ 3.25 శాతం, ప్రతి ఉద్యోగీ 0.75 శాతం వేస్తారు. మగవాళ్లే పనిచేసే ఫ్యాక్టరీ కూడా వేస్తుంది. కాబట్టి ఆడమనిషిని ఉద్యోగంలో పెట్టుకుంటే నష్టమన్న మాటే రాదు. ఆ నిధినే జీతం పరిమితి లేకుండా అందరికీ విస్తరిస్తే ఆ రెండు ప్రశ్నలు వాటంతటవే మాయమవుతాయి. ప్రసూతి చట్టాన్ని 2020 సామాజిక భద్రత స్మృతిలో కలిపారు గానీ ఈ మెలికను విప్పలేదు.

తండ్రుల సెలవు గురించి ఎక్కువ చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఎందుకంటే పెద్దగా సెలవే లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజులు. ప్రైవేటులో చట్టమే లేదు, కంపెనీ దయ. స్వీడన్‌లో బిడ్డకు 480 రోజుల సెలవుంటే అందులో 90 రోజులు తండ్రివి, 90 రోజులు తల్లివి. ఒకరి వంతు ఇంకొకరు వాడుకోవడానికి లేదు, వాడకపోతే పోతుంది. అక్కడి తండ్రులు మనకంటే మంచివాళ్లని కాదు. 'వాడకపోతే పోతుంది' అన్న చిన్న మెలిక వాళ్లను ఇంట్లో కూర్చోబెట్టింది. మగవాళ్ల మనసు మారేదాకా ఆగడం కంటే సెలవు నిబంధన మార్చడం తేలిక. మన ఐటీ కంపెనీల్లో, బ్యాంకుల్లో, సచివాలయాల్లో మూడు నెలలు తండ్రికే చెందే సెలవు పెట్టి చూడండి. మొదటి ఏడాది సగంమంది క్రికెట్ చూస్తారేమో. రెండో ఏడాదికి క్లాసు గ్రూపును మ్యూట్‌లోంచి తీస్తారు.

కోర్టులకూ ఒక విన్నపం. వాటాలు తేల్చేటప్పుడు ఇప్పటి జీతాలతో పాటు, పిల్లలు ఎవరి దగ్గర ఎన్ని రోజులుంటున్నారో, వాళ్లకోసం ఎవరు ఏ ఉద్యోగం, ఏ ప్రమోషన్ వదులుకున్నారో కూడా అఫిడవిట్‌లో ఒక గడిగా పెట్టాలి. ఆస్ట్రేలియాలో 2008 నుంచి పిల్లల భరణం లెక్కలో ఇద్దరి ఆదాయంతో పాటు బిడ్డ ఎవరి దగ్గర ఎన్ని రాత్రులు నిద్రపోతోందో కూడా చూస్తారు. కాలాన్ని కొలవడం కుదరదని అనేవాళ్లు కరెంటు మీటర్నీ, ఆటో మీటర్నీ ఒప్పుకున్నవాళ్లే కదా.

మా కాలనీ పుస్తకంలో పోయిన నెల నుంచి కొత్త గీత పడింది. ఆవిడే గీశారట. ఎవరు ఎన్నిసార్లు సెలవు పెట్టారు, ఎన్ని ఫోన్లు ఎత్తారు అని. మొదటి నెల ఆదివారం కూడినప్పుడు ఆయన పేజీలో ఒకటి, ఆవిడ పేజీలో పదకొండు. దీనికి ఫోన్‌పే కొట్టడం ఎలాగో తెలియక ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు.

జస్టిస్ రమణ తన తీర్పులో చూపిన 2019 సర్వేను ప్రభుత్వం 2024లో మళ్లీ చేసింది. ఇంటిపనికి ఆడవాళ్లు పెడుతున్నది 299 నిమిషాల నుంచి 289కి తగ్గింది. మగవాళ్లది 97 నుంచి 88కి తగ్గింది. పదిహేను నుంచి 59 ఏళ్ల మధ్యవాళ్లలో పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడానికి ఆడవాళ్లు రోజుకు 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు పెడుతున్నారు. అదీ ఆ పని చేస్తున్న మగవాళ్ల సగటు మాత్రమే. అసలు అందులో చెయ్యి పెట్టేవాళ్లు మగవాళ్లలో నూటికి 21 మంది, ఆడవాళ్లలో 41 మంది. ఇంటిపనిలో ఇద్దరి మధ్య తేడా 2019లో 202 నిమిషాలు, 2024లో 201. ఐదేళ్లలో తగ్గింది ఒక్క నిమిషం.